నేతి డబ్బాలో తాత వాటా

నిజాం పట్నంలో మా కార్వాన్ పేట వాళ్లకు పరదేశం ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో ఉండేది. ఈ మాట ఇప్పటి పిల్లలతో అంటే ముసలాయనకు మతి తప్పిందనుకుంటారు. కానీ ఆ కాలంలో మా నిజాం సర్కారుకు రూపాయి వేరు, తపాలా బిళ్ల వేరు, రైలు కూడా వేరే. బెజవాడ పోవాలంటే ఇంగ్రేజు ఇలాకాకు, అంటే తెల్లవాళ్ల ఏలుబడిలోకి, పోతున్నామని చుట్టుపక్కల నలుగురికీ చెప్పి, అప్పగింతలు పెట్టి మరీ బయలుదేరేవాళ్లం. దాటడానికి సముద్రం లేకపోయినా ఆ లోటు తీర్చడానికి కరోడ్‌గిరి ఉండేది. కరోడ్‌గిరి అంటే సుంకాల శాఖ. లోపలికి వచ్చే సరుకుకూ సుంకమే, బయటికి పోయే సరుకుకూ సుంకమే. మా ఇలాకా చివరి స్టేషన్‌లో రైలును అరగంటో ముప్పావుగంటో నిలబెట్టి, మూటలు విప్పించి, డబ్బాలు తెరిపించి, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా ప్రతిదాన్నీ తిప్పి తిప్పి చూసేవారు. (పెళ్లిచూపుల్లోనైనా కాస్త మొహమాటం ఉంటుంది.)

అటువంటి మహత్తరమైన శాఖలో నేనొక ఉద్యోగిని. ఉద్యోగి అనడం కొంచెం ఎక్కువే. నేను ఉమేద్వారును. ఉమేద్వారు అంటే జీతం లేకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా దస్తావేజులు నకలు రాస్తూ, ఎప్పుడో ఒక కుర్చీ ఖాళీ అవుతుందని ఆశపడే మనిషి. మా ఇంట్లో పద్నాలుగు బర్రెలుండేవి. మా ముత్తాతల నుంచీ పాలు పోసే కుటుంబం. ఆ వంశంలో ఉర్దూలో మిడిల్ పాసై, షేర్వానీ తొడుక్కుని, రూమీ టోపీ పెట్టుకుని దఫ్తరుకు పోయిన మొదటివాణ్ని నేను. పేడ వాసన అంటుతుందని షేర్వానీని దొడ్డి వైపు కాకుండా వీధి గదిలో మేకుకు తగిలించేవాణ్ని. ఎనిమిది నెలలు ఉమేద్వారీ అయ్యింది. ఇంకో రెండు మూడు నెలల్లో ఒక మొహరీరు, అంటే జీతమున్న గుమాస్తా, పింఛనుకు పోతాడని, ఆ కుర్చీ నాకే వస్తుందని మా పై అధికారి పేష్కారు సూచాయగా అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు భూమ్మీద కాలు ఆగడం లేదు. మా వీధిలో ఎవరు ప్రయాణమైనా పిలవకపోయినా పోయి, ఏ సరుకు ఎట్లా కట్టాలో, ఏది చూపించాలో, ఏది చూపించకూడదో ఉపన్యాసమిచ్చి వచ్చేవాణ్ని.

ఇట్లా ఉండగా మా నాయినమ్మకు బెజవాడ ప్రయాణం పడింది. మా మేనత్తను బెజవాడలో రైలు కార్ఖానాలో పనిచేసే అతనికి ఇచ్చారు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆమెకు కొడుకు పుట్టాడు. తొట్టెల వేసే రోజుకు తల్లి వెళ్లడంలో వింత లేదు. అసలు సంగతి మా తాతది. మాలో ఒక పట్టింపు ఉండేది. బిడ్డకు కడుపు పండేదాకా కన్నవాళ్లు ఆమె ఇంట్లో ముద్ద ముట్టకూడదు. తాత దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, రెండుసార్లు బెజవాడ వెళ్లి కూడా ఇంటినుంచి కట్టుకుపోయిన జొన్నరొట్టెలు అత్త వాళ్లింటి అరుగు మీద కూర్చుని తిని, నీళ్లు మాత్రం వీధి కుళాయిలో తాగి తిరిగొచ్చాడు. లోపల అత్త అన్నం వండుకుని ఏడుస్తూ కూర్చునేదట. రెండోసారి వెళ్లొచ్చిన మరుసటేడు వానాకాలంలో తాత పోయాడు. ఆపై ఏడాదికి పిల్లవాడు పుట్టాడు. ఉత్తరం చదివి వినిపించగానే నాయినమ్మ సంతోషపడింది, ఏడ్చింది, ముక్కు చీదుకుని ఒక నిర్ణయం కూడా చేసేసింది.

"బతికున్నన్ని దినాలు బిడ్డ చేతి బువ్వ తినకపాయె. ఇగ తింటడు. తొట్టెల నాడు ఆయన వాటా ఆడనే పెట్టాలె. దాని చేతులతోటే వడ్డించాలె" అంది.

పెద్దలకు పెట్టడమంటే మా ఇళ్లల్లో వాళ్లు బతికుండగా ఇష్టపడినవన్నీ విస్తట్లో పెట్టాలి. తాతకు అన్నిటికంటే ఇష్టమైనది సాయంత్రం పాలు పిండడం అయ్యాక చిన్న గిన్నెడు ఇప్పసారా. ఎక్కువ తాగడు, తక్కువా తాగడు, మా సందు చివర కలాలిలో, అంటే సారా దుకాణంలో, పోసింది తప్ప వేరేది తాగడు. బెజవాడలో అల్లుడు తెచ్చిచ్చిన సారాను నాలుక మీద వేసుకుని "బియ్యం కడిగిన నీళ్లున్నట్టుంది" అని మర్యాదగా పక్కన పెట్టాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. అందుకని నాయినమ్మ సకినాలు, గరిజెలు, బాలింతకు కాయం, పెద్ద డబ్బాడు బర్రె నెయ్యి సర్దుకున్నాక, కలాలి నుంచి కొత్త సీసాలో ఇప్పసారా తెప్పించి, మూతికి పసుపు గుడ్డ కట్టి, దేవుని గూట్లో పెట్టింది. ఇక ఆ మూత ఎవరూ తీయకూడదు, వాసన కూడా చూడకూడదు. పెద్దల కంటే ముందు వాసన చూస్తే ఎంగిలి కిందే లెక్క.

"నువ్వు నా ఎంబడి రావాలె బిడ్డా. నువ్వే రావాలె" అని నాయినమ్మ పట్టుబట్టింది. మా బాపు బర్రెలను వదిలి రాలేడు. అయినా నన్నే ఎందుకు అడిగిందో నాకు వివరంగా తెలుసుననే అనుకున్నాను. కరోడ్‌గిరి దాటించడానికి కరోడ్‌గిరి మనిషి కావాలి కదా. రెండు రోజుల సెలవడిగి, ఇంటికొచ్చి, సీసాను చూసి, అధికారి గొంతుతో ఒక ప్రశ్న వేశాను.

"ఇది ఎట్ల తీస్కపోతవ్ నాయినమ్మా?"

"ఎట్లేంది? చేతిల పట్కపోత."

"సారా దాటనిస్తరా? పట్టుకుంటరు. జుర్మానా ఏస్తరు. నా నౌకరీ పోతది."

"దొంగసొమ్మా? అడుగుతె చెప్త. మా ఇంటాయన వాటా అని చెప్త."

ఆ అమాయకత్వానికి జాలిపడి నవ్వాను. చట్టం సంగతి ఆమెకేం తెలుసు? అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. మా దఫ్తరులో నేతి డబ్బాలు తనిఖీ చేసే పద్ధతి రోజూ చూస్తున్నాను. జవాను ఒక సన్నని ఇనుప సలాకను డబ్బా నడిమధ్య గుచ్చి, అడుగు తగిలేదాకా దింపి, తీసి చూస్తాడు. నడిమధ్యే, పక్కన గుచ్చడు. కనుక సీసాను నేతి డబ్బాలో ఒక పక్కకు ఆనించి పెడితే బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతను, అది పెద్ద పొగడ్తేమో అన్నట్టు, మా బాపుకు కూడా వినిపించాను. ఆయన బర్రె పొదుగు కడుగుతూ, తల ఎత్తకుండానే, "సదువుకున్నోనివి, నీ ఇష్టం" అన్నాడు. అందులో మెచ్చుకోలు ఎంత, ఎత్తిపొడుపు ఎంత అన్నది నేను అప్పుడు కొలవలేదు.

నాయినమ్మ ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. బాలింత తినే నెయ్యిలో సారా సీసా ఏమిటని ఆమె అభ్యంతరం. చివరకు సీసాను కొత్తగుడ్డలో చుట్టి, దాని మీద మైనంగుడ్డ కట్టి, నెయ్యి కరగబెట్టి, సీసాను డబ్బాలో పక్కకు ఆనించి పట్టుకుని పైనుంచి పోశాం. చలికాలం కావడంతో తెల్లారేసరికి నెయ్యి గడ్డకట్టి, పైన పూస తేలి, చూడ ముచ్చటగా తయారైంది. నేను డబ్బా చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకున్నాను. అంత నున్నని పనితనం నేను నా దస్తూరీలో కూడా ఎప్పుడూ చూపలేదు.

రైల్లో నాయినమ్మ పడుకుంది, నేను పడుకోలేదు. షేర్వానీ నలుగుతుందని. పక్క బల్ల మీద ఖమ్మం వైపు పోయే మిరపకాయల వ్యాపారి ఉంటే, ఆయనకు కరోడ్‌గిరి నియమాలన్నీ వరసగా బోధించాను. ఆయన కొంతసేపు వింటూ, కొంతసేపు నిద్రపోతూ, తన స్టేషన్ రాగానే నాకు దండం పెట్టి దిగిపోయాడు. దారి చూపించినందుకో, వదిలిపెట్టినందుకో తెలియదు. తెల్లగా తెల్లారాక మా ఇలాకా చివరి స్టేషన్ వచ్చింది. అందరినీ సామానుతో ప్లాట్‌ఫారం మీదికి దింపారు. ఒక బల్ల, దాని వెనుక గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డంతో తనిఖీ అధికారి దారోగా సాబు, ఆయన పక్కన కళ్లకు సుర్మా పెట్టుకుని, చెవిలో కలం దోపుకున్న మున్షీ, ముందు రిజిస్టరు. సలాక పట్టుకుని ఒక పొడుగాటి జవాను.

నాయినమ్మ వంతు వచ్చింది. సకినాలు చూశారు, కాయం వాసన చూశారు, నేతి డబ్బా మూత తీశారు. జవాను నడిమధ్య సలాక గుచ్చాడు. తీశాడు. నేను మనసులో చిరునవ్వు నవ్వుకున్నాను. ఆ నవ్వు పూర్తికాకముందే అతను కుడిపక్క గుచ్చాడు. తీశాడు. మా దఫ్తరులో ఒక్కచోటే గుచ్చుతారే, ఇదేం అన్యాయం, అనుకునేలోపల ఎడమపక్క గుచ్చాడు. టక్ మంది. నేతిలోంచి అంత స్పష్టంగా చప్పుడు వస్తుందని నేను ఊహించలేదు. (తరువాత తెలిసింది. మా దఫ్తరు జవాను ముసలివాడు, చేయి నొప్పి వల్ల ఒక్కసారే గుచ్చేవాడు. నేను ఆయన కీళ్లనొప్పిని నియమం అనుకున్నాను.)

"క్యా హై అమ్మా, లోపల ఏమున్నది?" అన్నాడు దారోగా సాబు. జవాను మోచేతిదాకా నేతిలో పెట్టి సీసా బయటికి తీశాడు. క్యూలో ఉన్నవాళ్లంతా మెడలు చాచారు. తేలు కుట్టిన దొంగలాగా కదలకుండా నిలబడ్డాను. దారోగా సాబు నా షేర్వానీని, టోపీని చూసి, మర్యాదగానే అడిగాడు.

"ఇనో తుమారే సాత్ హై క్యా, మియా?"

ఈమె నీతో వచ్చిందా అని. ఎనిమిది నెలల ఉమేద్వారీ, ఖాళీ కాబోతున్న కుర్చీ, మా పేష్కారు మొహం, అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు తిరిగాయి. నా నోరు నా అనుమతి తీసుకోలేదు.

"నై సాబ్. మై ఇన్‌కో నై జాన్తా. ఎవరో తెల్వదు. రైలు డబ్బాల నా పక్కన కూసున్నది, గంతే" అన్నాను.

మా నాయినమ్మ నలభై ఏళ్లు నవాబుల దేవిడీల్లో పాలు పోసిన మనిషి. ఉర్దూ నాకంటే ఆమెకే బాగా వచ్చు. నా వైపు ఒక్కసారి చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. పాలు పొంగకముందే దించడానికి గిన్నె వైపు చూస్తామే, అట్లా చూసి దారోగా సాబు వైపు తిరిగింది.

"హౌ సాబ్. ఈ పిల్లగాడెవలో నాకు తెల్వదు. ముసల్దాన్నని డబ్బ పట్టిండు, పాపం. సీస నాది" అంది.

నేను నాలుగడుగులు పక్కకు జరిగి నీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డాను. దాహం లేకపోయినా నీళ్లు తాగాను. తాగాక కూడా అక్కడినుంచి కదల్లేదు. మున్షీ సీసా అందుకుని, ఏ రకమో రాయాలి కనుక మూత తీసి వాసన చూడబోయాడు. నాయినమ్మ ఒక్క అరుపు అరిచింది. రైలు డ్రైవరు కూడా తల బయటికి పెట్టి చూశాడు.

"వాసన జూడకు! ఎంగిలైతది! అది మా ఇంటాయన వాటా!"

"ఏడీ మీ ఇంటాయన? పిలువు" అన్నాడు మున్షీ.

"సచ్చిపోయిండు."

"చచ్చిపోయినోనికి షరాబ్ ఎందుకు?"

"బతికున్నప్పుడు బిడ్డ ఇంట్ల తినలేదు సాబ్. దానికి కొడుకు పుట్టిండు. ఇప్పుడు తింటడు. తినేముందు గుటకెడు పడనిదే ఆయనకు ముద్ద దిగదు" అని నాయినమ్మ తొమ్మిదేళ్ల కథ, అరుగు మీది జొన్నరొట్టెలు, వీధి కుళాయి, అన్నీ నిదానంగా చెప్పింది. వింటున్న క్యూలో ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. దారోగా సాబు గడ్డం నిమురుకున్నాడు.

"ఫాతెహా కా ఖానా?" అన్నాడు మెల్లగా. పోయినవాళ్ల పేర పెట్టే అన్నమా అని.

"గదే సాబ్. మీ దిక్కు ఫాతెహా సదివేదాక ఎవ్వలన్న చెయ్యి పెడ్తరా?"

"నై పెడ్తరు" అని ఒప్పుకుని, సీసా వైపు చూసి "తౌబా, తౌబా" అని రెండు చెంపలు తట్టుకుని, "మున్షీజీ, మూత తియ్యకుండ్రి" అన్నాడు.

మున్షీ అంత సులభంగా వదిలే రకం కాదు. వాదించాడు. దారోగా సాబు నియమాల పుస్తకం తెప్పించి, వేలు పెట్టి చదివి వినిపించాడు. ముసాఫిరు (అంటే ప్రయాణికుడు) సొంత వాడకానికి ఒక సీసా వరకు మాఫీ ఉందట. వాడే మనిషి పేరు రిజిస్టరులో రాస్తే చాలట! కుళాయి దగ్గర నాకు నీళ్లు గొంతులో అడ్డం పడ్డాయి. ఆ పుస్తకం మా దఫ్తరులో నా బల్ల మీదే ఉండేది. దాని మీద నేను రోజూ చాయ్ గ్లాసు పెట్టేవాణ్ని. నాయినమ్మ అన్నట్టు చేత్తో పట్టుకుని, అడిగితే చెప్పి ఉంటే, ఐదు నిమిషాల్లో అయిపోయేది. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా ఇంట్లో నన్ను అప్పుడప్పుడు అనేవారు. ఆ రోజు నేనే అనుకున్నాను.

"ముసాఫిరు అని రాసుంది సాబ్. ఈమె మొగడు ముసాఫిరా?" అన్నాడు మున్షీ, ఆఖరి ప్రయత్నంగా.

"మాతోటే వస్తుండు. టికెట్ మాత్రం అడగకుండ్రి" అంది నాయినమ్మ. ప్లాట్‌ఫారం మొత్తం నవ్వింది. మున్షీ కూడా నవ్వు ఆపుకోలేక కలం చెవిలోంచి తీసి, సిరాలో ముంచి, "సరే, నామ్ బోలో. పేరు, తండ్రి పేరు" అన్నాడు.

అక్కడ బండి ఆగిపోయింది. నాయినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల పక్కకు తిప్పుకుంది. మొగుడి పేరు ఆమె పెళ్లైన నాటినుంచి నోటితో అనలేదు. తండ్రి పేరంటే మామ పేరు, అది మరీ ఘోరం. మున్షీ ఒకటికి రెండుసార్లు అడిగాడు. కసిరాడు. బతిమాలాడు. క్యూలో జనం సాయానికి దిగారు. "ఏ దేవుని పేరమ్మా?" అని ఒకరంటే, "కొమురెల్లి దేవునిది" అంది. "మల్లయ్యనా?" "సగం గదే." "ఇంకో సగం?" "మా అత్తను అడుగాలె." ఆమె అత్త పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఎవరికి తోచిన పేరు వాళ్లు చెబుతున్నారు, నాయినమ్మ ఒక్కొక్క పేరుకు ఇటు తల ఊపదు, అటు ఊపదు. ఊపితే అన్నట్టే కదా. మామ పేరు దగ్గరికైతే ఇంకా ఎవరూ రానేలేదు. ఇంతలో స్టేషన్ మాస్టరు మొదటి గంట కొట్టించాడు. సామాను తనిఖీ అయినవాళ్లు పెట్టెల్లోకి ఎక్కుతున్నారు.

"పేరు లేకుంటే వదలనీకి రాదమ్మా. సీసా ఇక్కడనే ఉంచి నువ్వు పో" అన్నాడు దారోగా సాబు. కఠినంగా అనలేదు. ఆయనకూ బాధగానే ఉన్నట్టుంది. నాయినమ్మ బల్ల మీది సీసా మీద చెయ్యి వేసి, అట్లాగే నిలబడింది. ఏడవలేదు. నా వైపు చూడనూ లేదు. చూస్తే నేను ఎవరో తెలిసిపోతుందని. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన పూట ఆ బల్ల మీద ఆగిపోతుంటే కూడా నన్ను కాపాడుతూనే ఉంది. ఆ స్టేషన్ మొత్తంలో ఆ రెండు పేర్లు తెలిసి, నోటితో అనగలిగిన మనిషిని నేనొక్కణ్నే.

నేను ధైర్యస్థుణ్ని కాదు. ఇప్పటికీ కాదు. రెండో గంటకు స్టేషన్ బంట్రోతు చెయ్యెత్తడం చూశాను. ఏం జరిగిందో నాకే తెలియదు. కుళాయి దగ్గరినుంచే, బడిలో హాజరు పలికినట్టు, మా తాత పేరూ ముత్తాత పేరూ గట్టిగా అరిచాను. (ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు. నాయినమ్మ లేకపోయినా, ఎందుకో కలం ఆడడం లేదు.)

అందరూ ఇటు తిరిగారు. మున్షీ సుర్మా కళ్లు ఇంతింత చేసుకుని, "ఆమె ఎవరో తెల్వదంటివి. ఆమె మామ పేరు నీకెట్ల తెలుసు?" అన్నాడు.

"మా నాయినమ్మ సాబ్."

"నువ్వేం చేస్తవ్?"

"ఉమేద్వార్."

"ఏ మొహకమాల?" అంటే ఏ శాఖలో అని.

ఇంతకంటే మెల్లగా నేను జీవితంలో ఏ మాటా అనలేదు. "కరోడ్‌గిరి" అన్నాను. జవాను సలాక కింద పడేసి నవ్వాడు. కూలీలు నవ్వారు. రైల్లోంచి చూస్తున్నవాళ్లకు విషయం తెలియకపోయినా నవ్వారు. దారోగా సాబు మాత్రం నవ్వకుండా, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "పిల్లగాడు భయపడ్డడు సాబ్. పాలు తాగే వయసునుంచి గంతే, మెరుపుకు గూడ భయపడ్తడు" అని నాయినమ్మ నా పరువు కాపాడబోయింది. ఆయన తల ఊపి, మున్షీకి ఏదో చెప్పి రాయించి, సీసాను రెండు చేతులతో తీసి ఆమెకు అందించాడు. సీసా నేతికి జారుతోంది. ఆయన తన రుమాలు చుట్టి ఇచ్చాడు.

రైలు కదిలాక చాలాసేపు నేను కిటికీలోంచి ఇంగ్రేజు ఇలాకాను చూశాను. అదే మట్టి, అవే తుమ్మచెట్లు. నాయినమ్మ తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిట్టలేదు. చివరకు నేనే, "నాయినమ్మా, ఇందాక నేను..." అని మొదలుపెట్టాను.

"సకినం తిను. గాలికి మెత్తగైతయ్" అంది. తిన్నాను.

తొట్టెల నాడు మధ్యాహ్నం అత్త విస్తరి వేసి, అన్నం, కోడికూర, గారెలు వడ్డించింది. నాయినమ్మ పసుపుగుడ్డ విప్పి, ముఖం పక్కకు తిప్పుకుని, గిన్నెలో సారా పోసింది. ఇల్లంతా ఆ వాసనే. ఒక్క క్షణం తాత సాయంత్రం దొడ్లోంచి వచ్చినట్టే అనిపించింది. అందరూ నా వైపు చూశారు. నాకు అర్థం కాలేదు.

"పిలువురా" అంది నాయినమ్మ. "పేరు వెట్టి పిలిస్తెనే వస్తరు పెద్దలు. నేను పిలువలేను, నీ అత్త పిలువద్దు. గిందుకే గద నిన్ను తెచ్చింది. డబ్బ మొయ్యనీకి కూలోడు దొరుకడా?"

అప్పటిదాకా నేను కరోడ్‌గిరి దాటించడానికి వచ్చిన మనిషిననే అనుకుంటున్నాను. పిలిచాను. ఆ పేరు గట్టిగా అనడం నాకది రెండోసారి. బిడ్డ ఇంట్లో భోంచేద్దువు రా తాతా అన్నాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాయినమ్మ విస్తరి వైపే చూస్తూ, "తిననీ, తలుపు దగ్గరికి వెయ్యి" అంది.

ఇక నా ఉద్యోగం సంగతి. ఆ నెలాఖరుకు సరిహద్దు రిజిస్టరు నకలు మా దఫ్తరుకు వచ్చింది. వచ్చిన నకళ్లను శుభ్రంగా తిరగరాసే పని ఉమేద్వారులది. నా బల్ల మీదికే వచ్చింది. సరుకు: సారా, ఒక సీసా. వాడకందారు: ఫలానా, మరణించినవాడు. తెచ్చినవాడు: మనవడు, ఉమేద్వారు, మొహకమా కరోడ్‌గిరి. కైఫియత్, అంటే వివరం, అన్న గడిలో దారోగా సాబు చెప్పి రాయించిన ముక్క: పహలే ఇన్‌కార్, బాద్ మే ఇక్‌రార్. ముందు కాదన్నాడు, తరువాత ఔనన్నాడు. దాన్ని నా చేత్తోనే, నా అందమైన దస్తూరీలో రాసి, పేష్కారు ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ చదివి, "ఖత్ అచ్ఛా హై" అన్నాడు. దస్తూరీ బాగుందట. ఆ కుర్చీ మాత్రం ఇంకొకరికి వెళ్లింది. నాకు మరో ఏడాదిన్నరకు వచ్చింది. అంతదాకా దఫ్తరులో నన్ను ఇన్‌కార్ సాబ్ అనే పిలిచారు. చాయ్ తెచ్చేవాడు కూడా.

తరువాత ఆ సర్కారూ పోయింది, ఆ రూపాయీ పోయింది, ఆ స్టేషన్‌లో ఇప్పుడు రైలు నిమిషం కూడా ఆగడం లేదు. నాయినమ్మ కూడా ఎప్పుడో పోయింది. ఏటా ఆమెను పేరు పెట్టి పిలిచి సకినాలు పెడుతున్నాను. నాకు మాత్రం గుణం మారలేదు. పెళ్లికి మొదట కాదన్నాను, తరువాత ఔనన్నాను. కళ్లద్దాలకు కాదన్నాను, చేతికర్రకు కాదన్నాను. నిన్న చెవికి మిషన్ పెట్టుకోమంటే గంటసేపు లొల్లి చేసి, సాయంత్రానికి పెట్టుకున్నాను. మా ఇంటావిడ ఆ కథ ఎరిగినది కనుక ఏమీ అనదు, సకినాల డబ్బా ముందుకు తోస్తుంది. నన్ను పట్టుమని అరగంట కూడా చూడని ఆ ఎర్రగడ్డం దారోగా, నా బతుకు మొత్తాన్ని ఒక్క గడిలో ఎట్లా పట్టించి రాశాడా అని ఆశ్చర్యపోతుంటాను. ఆ వాక్యంలో మొదటి సగం అచ్చంగా నాది. రెండో సగానికి మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు సీసా మీద చెయ్యి వేసి, నా వైపు చూడకుండా, నిలబడవలసి వచ్చింది.